ఒకే బ్యాచ్, ఒక్కొక్కరిది ఒక్కో రిటైర్మెంట్

కాలేజీలో కలిసి చదివినవారు రిటైర్మెంట్ వయసులో మళ్లీ ఎలా దగ్గరవుతున్నారో చూడటానికి, 1964లో పుట్టి, 1981లో ఇంటర్ ముగించి, 1984లో ఒకే కాలేజీ నుంచి డిగ్రీ పట్టాతో బయటికొచ్చిన ఒక తరగతిని తీసుకుందాం. వారిలో బ్యాంకులోనో ఎల్‌ఐసీలోనో చేరినవారు అరవై నిండగానే, అంటే 2024లో ఉద్యోగం దిగారు. తెలంగాణ ప్రభుత్వంలో పనిచేసినవారికి 2021 నుంచి ఆ వయసు 61 కాబట్టి 2025లో దిగారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరి నుంచి 62 చేశారు కాబట్టి అక్కడివారి వంతు 2026. ఎన్‌ఐటీలోనో కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనో పాఠాలు చెప్పేవారికి 65 దాకా ఉంది. అమెరికా వెళ్లినవారు మెడికేర్ చేతికొచ్చే 65 దాకా ఆగుతారు. 1960లో గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి అక్కడ సోషల్ సెక్యూరిటీ పూర్తిగా రావాలంటే 67 నిండాలి. వ్యవసాయం, వకాలతు, దుకాణం చూసుకునేవారికి తేదీ అంటూ లేదు, ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం పనే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ తరంలో చాలామందికి పుట్టిన తేదీ అంటే బడిలో చేర్చినరోజు అయ్యవారు రాసుకున్న తేదీ. అందుకే జులై 1న పుట్టినట్టు సర్టిఫికెట్లున్నవాళ్లు ప్రతి తరగతిలోనూ నలుగురైదుగురు కనిపిస్తారు. నెలలో ఒకటో తేదీన పుట్టిన ప్రభుత్వోద్యోగి ముందు నెల ఆఖరి రోజునే పదవీ విరమణ చేయాలి. జూన్ 30న ఒకే బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో రెండు మూడు వీడ్కోలు సభల ఫొటోలు, దండలు, శాలువాలు కనబడటానికి కారణం అదే.

రిటైర్మెంట్ వయసు మారడం ఆ తరానికి కొత్త కాదు. వాళ్లు డిగ్రీలో ఉండగానే, 1983లో, ఎన్టీఆర్ ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుంచి 55కి తగ్గించింది. తర్వాత మళ్లీ 58 అయింది గానీ, ఆ మధ్యలో ఎందరో తండ్రులు ఉన్నట్టుండి ఇంటికొచ్చేశారు. చదువు ఒడ్డున పడకముందే ఇంట్లో జీతం ఆగిపోవడం ఎలా ఉంటుందో ఆ బ్యాచ్‌లలో కొందరు దగ్గరుండి చూశారు. ఆ తండ్రులకు ఉద్యోగం పోయాక మిగిలిన స్నేహాలు వీధి అరుగు మీదివి, గుడి దగ్గరివి, ఆఫీసులో తోటివారివి. కాలేజీ స్నేహితుల బృందం అనేది వారికి దాదాపు లేదు. కాలేజీ గడప తొక్కినవారే తక్కువ, తొక్కినవారి చిరునామాలు ఎవరి దగ్గరా లేవు. ఇంత పెద్ద సంఖ్యలో పాత సహాధ్యాయులతో కలిసి ముసలితనంలోకి నడుస్తున్న మొదటి తెలుగు తరం ఇదేనని చెప్పవచ్చు.

అయితే ఈ బంధం దానంతటదే నిలిచింది కాదు. మధ్యలో పాతికేళ్లు దాదాపు తెగిపోయింది. 1984లో విడిపోయేటప్పుడు ఆటోగ్రాఫ్ పుస్తకాల్లో రాసుకున్నది తండ్రి పేరు మీద కేరాఫ్ చిరునామా. ఉద్యోగం కోసం ఊరు వదిలాక రెండు మూడేళ్లు ఇన్‌లాండ్ లెటర్లు నడిచాయి. పెళ్లిళ్లకు శుభలేఖలు వెళ్లాయి. ఆ తర్వాత తల్లిదండ్రులు పోయారు, పల్లెలో ఇల్లు అమ్మేశారు, దాంతో ఆ చిరునామా కూడా పోయింది. ఎస్‌టీడీ బూత్‌లో రాత్రి రేటు తగ్గాక క్యూలో నిలబడి ఇంటికి మాట్లాడటమే ఎక్కువ, స్నేహితుడికి చేసే స్తోమత ఎక్కడిది? 1995లో సెల్‌ఫోన్లు వచ్చినా, 2003 దాకా మనకొచ్చిన ఫోనుకూ మనమే డబ్బు కట్టాలి. ఈ తరం మనుషులు ఒకరినొకరు మరిచిపోయారని నిందించడం న్యాయం కాదు. మాట్లాడుకునే దారి ఖరీదైనది, ఆ వయసులో జీతం చిన్నది, పిల్లలు పసివాళ్లు.

మళ్లీ కలవడం కూడా అందరికీ ఒకేసారి జరగలేదు. ముందు కలిసింది ఈమెయిల్ ఉన్నవాళ్లు. ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకో అమెరికాకో వెళ్లినవారు యాహూ గ్రూపుల్లో, తర్వాత ఆర్కుట్‌లో ఒకరినొకరు వెతుక్కున్నారు. ఆర్కుట్ 2014 సెప్టెంబరులో, యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో మూతపడ్డాయి. వాటిలో దాచుకున్న పాత ఉత్తరాలు, స్కాన్ చేసిన ఫొటోలు సమయానికి దించుకోనివారికి శాశ్వతంగా పోయాయి. ఆ రోజుల్లో తరగతిలో సగం మంది, అంటే మండలంలో టీచర్‌గా ఉన్నవారు, సహకార బ్యాంకులో గుమాస్తాగా ఉన్నవారు, పొలం చూసుకుంటున్నవారు, ఆ గ్రూపుల్లో లేనే లేరు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాకే వాళ్ల చేతికి వాట్సాప్ అందింది. బ్యాచ్ అనే మాటకు పూర్తి అర్థం అప్పుడొచ్చింది. అప్పటిదాకా ఉన్నది బ్యాచ్‌లో పైకొచ్చినవాళ్ల గ్రూపు మాత్రమే.

ఆ పూర్తి బ్యాచ్‌ను పోగుచేసింది ఎవరు? ఎక్కడ చూసినా ఒకరో ఇద్దరో కనిపిస్తారు. వాళ్లు క్లాసులో ఫస్టు వచ్చినవారు కానక్కర్లేదు, పెద్ద హోదాలో ఉన్నవారూ కానక్కర్లేదు. చాలాసార్లు కాలేజీ ఉన్న ఊళ్లోనే స్థిరపడిన మనిషి అయి ఉంటారు. కాలేజీ ఆఫీసులో పాత అడ్మిషన్ రిజిస్టరు చూపించమని బతిమాలుతారు. రోల్ నంబర్ల వారీగా నోటుపుస్తకంలో పేర్లు రాసుకుంటారు. ఇంటిపేరును బట్టి, సొంతూరిని బట్టి ఆ చుట్టుపక్కల తెలిసినవారికి ఫోన్ చేసి ‘ఫలానావాళ్ల అబ్బాయి, డిగ్రీలో మాతో చదివాడు, ఇప్పుడెక్కడున్నాడు’ అని అడుగుతారు. ఒక్క నంబరు దొరకడానికి పది ఫోన్లు పడతాయి. ఇది జ్ఞాపకాల మీద ప్రేమతో మొదలవుతుంది గానీ, నడిచేది మాత్రం గుమాస్తా పని చేసినంత ఓపికతోనే. అలాంటి మనిషి లేని బ్యాచ్‌లు ఎంత తెలివైనవాళ్లతో నిండి ఉన్నా చెల్లాచెదురుగానే మిగిలిపోయాయి. ఆ ఒక్కరికే భారమంతా వదిలేయడం కూడా ప్రమాదమే. ఆ నోటుపుస్తకం ఇంకో ఇద్దరి దగ్గర నకలు లేకపోతే, ఆ మనిషికి ఒంట్లో బాగోకపోయిన రోజున బ్యాచ్ మొత్తానికీ దారి మూసుకుపోతుంది.

పూర్వ విద్యార్థుల సంఘం, బ్యాచ్ ఒకటి కావు. సంఘం కాలేజీది. బ్యాచ్ మనుషులది. వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీ (ఆర్‌ఈసీ) 1959లో పుట్టి 2002లో ఎన్‌ఐటీ అయింది. కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీ 1972లో జేఎన్‌టీయూలో చేరి, 2008లో ఏర్పడిన జేఎన్‌టీయూ కాకినాడలో భాగమైంది. పట్టా మీది పేరు ఇప్పుడు బోర్డు మీద లేదు, పట్టా ఇచ్చిననాటి ఉమ్మడి రాష్ట్రం కూడా లేదు. సంస్థ తన దారిన మారుతూ పోతుంది. సంఘం భవనాలు కట్టగలదు. గుంటూరు వైద్య కళాశాలలో చదివి ఉత్తర అమెరికాలో స్థిరపడిన వైద్యుల సంఘం ‘జింకానా’ గుంటూరు సర్వజన ఆసుపత్రిలో కట్టించిన విభాగాలు దానికి గొప్ప ఉదాహరణ. కానీ అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే ఫోన్ ఎత్తేది సంఘం కాదు, అదే ఊళ్లో ఉన్న రూమ్మేటు.

రిటైర్మెంట్ దగ్గరపడేకొద్దీ పాత స్నేహాల మీద ఈ ఆకర్షణ ఎందుకు పెరుగుతుంది? మనస్తత్వ శాస్త్రంలో దీనికి రెండు మూడు వివరణలున్నాయి. వయసు మళ్లినవారిని తమ జీవితంలో బాగా గుర్తున్న సంఘటనలు చెప్పమంటే పదేళ్ల నుంచి ముప్ఫయ్యేళ్ల మధ్యవే ఎక్కువ చెబుతారని పరిశోధకులు పదేపదే గమనించారు. కాలేజీ రోజులు సరిగ్గా ఆ మధ్యలోవి. అమెరికా పరిశోధకురాలు లారా కార్‌స్టెన్‌సన్ చెప్పేది ఇంకొకటి. ముందున్న కాలం తక్కువని తోచినప్పుడు మనిషి కొత్త పరిచయాల వెంట పడటం తగ్గించి, మనసుకు దగ్గరైనవారికే సమయం ఇస్తాడు.

మూడోది మరింత ఆసక్తికరం. డేనియల్ లెవిన్, మరో ఇద్దరు పరిశోధకులు 2011లో ప్రచురించిన పరిశోధనలో, ఏళ్ల తరబడి మాటల్లేని పాత పరిచయస్తుల దగ్గరికెళ్లి సలహా అడగమని కొందరు ఉన్నతోద్యోగులకు చెప్పారు. ఆ సలహాలు నిత్యం కలిసేవాళ్ల సలహాలకంటే కొత్తగా, పనికొచ్చేవిగా తేలాయి. కారణం ఊహించదగ్గదే. పాత స్నేహితుడి మీద నమ్మకం చెక్కుచెదరలేదు, కానీ ఈలోగా అతడు వేరే లోకంలో బతికాడు. అతడికి తెలిసినవి మనకు తెలియవు. అందుకే ముప్ఫయ్యేళ్లు రెవెన్యూలో పనిచేసిన మనిషికి, ఆసుపత్రి బీమా గురించి బీమా కంపెనీలో పనిచేసిన క్లాస్‌మేట్ చెప్పే పది మాటలు ఎక్కడా దొరకని సలహా అవుతాయి.

వీటన్నిటికీ తోడు మనకు ప్రత్యేకమైన కారణం ఒకటుంది, అది భాషలోనే ఉంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒక మనిషి ‘సార్’, ‘మేడమ్’, ‘ఏఈ గారు’, ‘మాస్టారు’. ఇంట్లో నాన్న, మావయ్య, తాతయ్య. ‘ఒరేయ్’ అని పిలిచే తల్లిదండ్రులు, అన్నలు, అక్కలు ఒక్కొక్కరే వెళ్లిపోతుంటారు. అరవై దాటాక ఆ పిలుపు మిగిలేది క్లాస్‌మేట్ నోట్లోనే. ఆడవాళ్లకైతే ఇంకా ముఖ్యం. నలభయ్యేళ్లుగా ఎవరో ఒకరి భార్యగా, కోడలిగా, అమ్మగా పిలిపించుకున్న మనిషిని పాత ముద్దుపేరుతో ‘ఏమే’ అని పలకరించేది హాస్టల్ స్నేహితురాలు ఒక్కతే.

అయినా బ్యాచ్‌లలో ఎక్కువగా తప్పిపోయింది ఆడవాళ్లే. పెళ్లితో ఇంటిపేరు మారింది, ఊరు మారింది. పాత రిజిస్టరులోని పేరుతో వెతికితే దొరకరు. వాళ్ల అన్నదమ్ములెవరో పుట్టినూళ్లో ఉంటే ఆ దారిన దొరుకుతారు, లేదంటే లేదు. దొరికినా మొదట చేతికొచ్చేది భర్త నంబరు. పైగా 1980ల మొదట్లో ఇంజనీరింగ్ తరగతుల్లో అమ్మాయిలు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే. డిగ్రీ కాలేజీల్లో కాస్త ఎక్కువున్నా, అబ్బాయిలతో నాలుగు మాటలు మాట్లాడటం కూడా చాలా చోట్ల కుదరని పని. కాబట్టి ఇప్పుడు బ్యాచ్ గ్రూపులో వాళ్ల మధ్య జరుగుతున్నది పాత స్నేహం తిరగదోడటం కాదు, అరవయ్యో ఏట మొదటిసారి పరిచయం కావడం. మగవాళ్లు తమలో తాము ఒరేయ్ అనుకుంటూనే ఆడవాళ్లను ‘గారు’ అని, ‘మీరు’ అని పిలుస్తున్నారంటే అందుకే. ఆ మర్యాద బాగుంది. కానీ మగవాళ్ల హాస్టల్ కబుర్లతోనే గ్రూపు నిండిపోతే ఆడవాళ్లు మౌనంగా ఉండిపోతారు. చాలా బ్యాచ్‌లలో ఆడవాళ్లు విడిగా చిన్న గ్రూపు పెట్టుకున్నారు, అసలైన మాటలన్నీ అక్కడే నడుస్తాయి.

ఆ వయసులో ఆడవాళ్లకు రిటైర్మెంట్ అనేది కాగితం మీదిది కూడా. ఉద్యోగం దిగిన మర్నాటి నుంచి కూతురి పురుడు, కొడుకు ఇంట్లో పసిబిడ్డ, అత్తగారి మంచం. విజిటర్ వీసా మీద ఒక దఫాకు ఆరు నెలల దాకా అమెరికాలో ఉండేవారిలో భార్యాభర్తలిద్దరూ ఉంటారు గానీ, వంటింట్లో పగలంతా ఉండేది ఎవరో అందరికీ తెలుసు. ఆత్మీయ సమ్మేళనం తేదీ పెట్టేటప్పుడు ఈ సంగతి ముందు అడగాలి. ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి వీడియోకాల్ పెడితే డల్లాస్‌లో ఎండాకాలమైతే శనివారం రాత్రి తొమ్మిదిన్నర, చలికాలమైతే ఎనిమిదిన్నర. బిడ్డ పడుకున్నాక అమ్మమ్మ తీరిగ్గా కూర్చోగలిగే వేళ అది.

ఇక ఆత్మీయ సమ్మేళనం సంగతి. దాని వరస తెలుగువాళ్లందరికీ తెలిసిందే. జ్యోతి ప్రజ్వలన, కాలం చేసిన సహాధ్యాయుల కోసం ఒక నిమిషం మౌనం, బతికున్న గురువులకు శాలువాలు, మైకులో పరిచయాలు, భోజనం, గ్రూపు ఫొటో. ఎనభై దాటిన లెక్చరర్ వణికే చేత్తో మైకు పట్టుకుని, అరవయ్యేళ్ల శిష్యుడిని ఇప్పటికీ ఇంటిపేరుతో గుర్తుపట్టి పిలిచినప్పుడు హాలంతా కన్నీళ్లు పెట్టుకుంటుంది. దానికోసమైనా అది జరగాలి.

కానీ కొందరు ఒకసారి వచ్చి మళ్లీ రారు. కారణం తరచుగా ఆ మైకు పరిచయాల్లోనే ఉంటుంది. ఒకరు చీఫ్ ఇంజనీర్‌గా చేసి దిగానంటారు, ఇంకొకరు ఇద్దరు పిల్లలూ అమెరికాలో అంటారు. తర్వాతి వరసలో కూర్చున్నవారికి వ్యాపారం దెబ్బతిని ఉండవచ్చు. ముప్ఫై ఏళ్లొచ్చిన కొడుకు ఇంట్లోనే ఉండవచ్చు, కూతురు విడాకులు తీసుకుని వచ్చి ఉండవచ్చు. ‘పిల్లలేం చేస్తున్నారు?’ అన్న ప్రశ్న మన దగ్గర పలకరింపు కింద లెక్క. ఈ వయసులో అంతకంటే గుచ్చుకునే ప్రశ్న లేదు. హోదా, పిల్లల సంగతి అడగకుండా, ‘హాస్టల్‌లో నీకు గుర్తున్నదొకటి చెప్పు’ అని మైకు ఇచ్చిన చోట అందరూ మాట్లాడతారు. రిసార్టులో మనిషికి ఇన్ని వేలు అని ముందే ప్రకటించిన చోట రానివారి సంఖ్య పెరుగుతుంది. పాత కాలేజీ ఆవరణలో, లేదా ఊళ్లో మామూలు ఫంక్షన్ హాల్లో పెట్టి, ఎవరెంతిచ్చారో ఒక్కరికే తెలిసేలా చేసిన చోట తగ్గుతుంది. పదవి దిగడం ఇక్కడ మేలే చేస్తుంది. కుర్చీ పోయాక కలెక్టరేట్‌లో చేసినవారూ కిరాణా కొట్టు నడిపినవారూ ఒకే బీపీ మాత్ర గురించి మాట్లాడుకుంటారు. ఆ సమానత్వం కోసం రిటైర్ అయ్యేదాకా ఎదురుచూస్తే మాత్రం చాలామంది అప్పటికే దూరమై ఉంటారు. అందుకే ఈ పని ఉద్యోగం ఆఖరి నాలుగైదేళ్లలోనే మొదలుకావాలి. దిగిన మొదటి ఏడాది అన్నిటికంటే కష్టమైనది. పొద్దున్న తొమ్మిదయ్యేసరికి వెళ్లాల్సిన చోటు ఉండదు. అప్పుడు కొత్తగా నంబర్లు వెతుక్కునే మనసు ఉండదు, ఉన్న నంబరు నొక్కే ఓపిక మాత్రమే ఉంటుంది.

గ్రూపులు చీలడానికి రాజకీయాలే పెద్ద కారణం. 2009 నుంచి 2014 దాకా రాష్ట్ర విభజన గొడవలో ఎన్నో స్నేహాలు దెబ్బతిన్నాయి. ఇప్పుడు ఎన్నికలొచ్చినప్పుడల్లా పార్టీలు, కులాల పేరుతో ఫార్వర్డులు మొదలవుతాయి. రాజకీయాలకు వేరే గ్రూపు పెట్టి, అసలు గ్రూపులో ఆ మాటే రాకుండా చూసుకున్న బ్యాచ్‌లు నిలదొక్కుకున్నాయి. నియమం పెట్టిన అడ్మిన్‌ది నిష్ఠురమైన పని. నలుగురూ అండగా నిలబడాలి.

గుడ్ మార్నింగ్ బొమ్మల మీద చాలామందికి విసుగు. ఫోన్ నిండిపోతుందన్నది నిజమే. కానీ ఈ వయసులో వాటికి వేరే ఉపయోగం ఉంది. పిల్లలు దూరదేశంలో, భార్యో భర్తో పోయి, ఇంట్లో ఒక్కరే ఉన్న మనిషి రోజూ ఆరింటికి పెట్టే ఆ బొమ్మ హాజరు పలకడంతో సమానం. రెండు రోజులు రాకపోతే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. అపార్టుమెంట్ వాచ్‌మన్ కంటే ముందు గమనించేది ఒక్కోసారి నలభయ్యేళ్ల కిందటి బెంచీమేటే.

కబుర్లకు మించిన పనులూ ఉన్నాయి. కేంద్ర పెన్షనర్లు నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. రాష్ట్ర పెన్షనర్ల గడువు వేరు. ఫోన్‌లో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ పూర్తిచేయడం ఎలాగో ముందు నేర్చుకున్నవారు మిగతావారికి నేర్పుతారు. నామినీ పేరు మార్చారా, జాయింట్ ఖాతా ఉందా, వీలునామా రాశారా అని ఒకరినొకరు అడుగుతారు. పిల్లలు అడిగితే తప్పుగా తోచే ప్రశ్నలు స్నేహితుడు అడిగితే తప్పుగా తోచవు.

డబ్బు దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. రిటైర్మెంట్ సొమ్ము ఒక్కసారిగా చేతికొచ్చే వయసు ఇది. చిట్టీ, రియల్ ఎస్టేట్, ఎక్కువ వడ్డీ అంటూ బ్యాచ్ నమ్మకాన్ని వాడుకునేవారు లోపలి నుంచే రావచ్చు. బయటివారు స్నేహితుడి వాట్సాప్ ఖాతా చేజిక్కించుకుని ‘అర్జంటుగా యాభై వేలు పంపు’ అని అడుగుతారు. అలాంటి మెసేజ్ రాగానే గొంతు వినకుండా పైసా పంపకూడదు. మోసం జరిగితే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆపదలో ఉన్న సహాధ్యాయికి సాయం చేయడానికి నిధి పెట్టుకునేటప్పుడు ఒకరి సొంత ఖాతాలో వేయడం స్నేహానికే చేటు. ఏడుగురు కలిస్తే రెండు రాష్ట్రాల్లోనూ సొసైటీగా నమోదు చేసుకోవచ్చు. ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతా, ఏటా అందరి ముందూ లెక్క ఉంటే ఎవరికీ అనుమానం రాదు, ఇచ్చేవారు ధైర్యంగా ఇస్తారు.

అందరూ అందరికీ దగ్గర కాలేరు, కానక్కర్లేదు. వంద మంది గ్రూపులో నిజంగా ఒకరి ఇంటికి ఒకరు వెళ్లేది ముగ్గురో నలుగురో. పెద్ద గ్రూపు సంత లాంటిది, అక్కడ ఎవరెక్కడున్నారో తెలుస్తుంది. బంధం బలపడేది ఆ సంతలోంచి బయటికొచ్చి ఇద్దరు కలిసి కాశీ వెళ్లినప్పుడు, ఒకే ఊళ్లో ఉన్న నలుగురు నెలకోసారి టిఫిన్‌కు కూర్చున్నప్పుడు, కంటి ఆపరేషన్‌కు తోడుగా ఆసుపత్రిలో కూర్చున్నప్పుడు.

ఒకరు పోయినప్పుడు గ్రూపంతా ‘ఓం శాంతి’తో నిండుతుంది. మర్నాడు మళ్లీ మామూలు ఫార్వర్డులు వస్తాయి. ఆ ఇంట్లో మిగిలినవారికి అప్పుడే మనిషి కావాలి. దినవారాలయ్యాక, చుట్టాలు వెళ్లిపోయాక, కుటుంబ పెన్షన్ దరఖాస్తు పట్టుకుని ట్రెజరీకి తోడుగా వెళ్లగలిగినవారు, బ్యాంకులో ఏ కౌంటర్ దగ్గర ఏం అడగాలో చెప్పగలిగినవారు బ్యాచ్‌లో తప్పకుండా ఉంటారు. చిక్కల్లా ఒక్కటే, పోయినవారి భార్య పేరు గానీ భర్త పేరు గానీ, వారి ఫోన్ నంబరు గానీ స్నేహితులెవరి దగ్గరా ఉండవు. కొన్ని బ్యాచ్‌లు ఇప్పుడు తమ జాబితాలో పేరు, ఊరు, నంబరు పక్కన ఇంకో రెండు గడులు చేరుస్తున్నాయి. ఒకటి ఇంట్లో ఉండేవారి నంబరు. రెండోది దగ్గరలో ఉన్న క్లాస్‌మేట్ ఎవరో, ఆ పేరు.